మడత విసనకర్ర: గొప్పతనం బొమ్మలోనా, పుల్లల్లోనా?

నిహారిక_పి
అందరికీ నమస్తే. మా పెద్దత్త పోయాక ఆవిడ బీరువా సర్దుతుంటే పొడుగాటి సన్నటి డబ్బాలో ఒక మడత విసనకర్ర దొరికింది, ఎవరో కానుకగా ఇచ్చారట, అంతకు మించి మాకెవరికీ ఏం తెలీదు. 14 పుల్లలు, అటొకటి ఇటొకటి కాస్త మందంగా పట్టీలు, పైన లేత రంగు సిల్కు, దాని మీద పూలు, పూల చుట్టూ చిన్న చిన్న చమ్కీలు. సిల్కు మడతల వెంట నిలువునా చీలిపోయింది, పూల రంగులు కూడా వెలిసిపోయాయి. కింద పుల్లలు మాత్రం తెల్లగా మెరుస్తున్నాయి, వెలుతురులో కాస్త అటూ ఇటూ తిప్పితే గులాబీ, ఆకుపచ్చ జీరలు, మధ్యలో జల్లెడలాగా సన్నటి చిల్లుల పని. విప్పి అద్దం ఫ్రేమ్‌లో పెట్టి గోడకి తగిలిద్దాం అనుకుంటున్నా. బొమ్మే పోయాక ఇంక దీంట్లో ఏముంది అని మా అన్నయ్య అంటున్నాడు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాతసామాను_ప్రియుడు
నిహారిక గారూ, ముందు ఒక పని చేయండి, ఆ పుల్లని మెల్లగా చెంపకి ఆనించి చూడండి. చల్లగా, రాయిలాగా తగిలితే అది ముత్యపు చిప్ప. ప్లాస్టిక్ అయితే వెంటనే ఒంటి వేడికి వచ్చేస్తుంది. మీరు చెప్పిన గులాబీ ఆకుపచ్చ జీరలు, సిల్కు, చమ్కీలు చూస్తే 19వ శతాబ్దం చివర్లోనో 20వ శతాబ్దం మొదట్లోనో యూరప్‌లో చేసినదేమో అనిపిస్తోంది, ఫోటో లేకుండా అంతకంటే గట్టిగా చెప్పలేను.

మీ అన్నయ్య గారి మాట మాత్రం ఒప్పుకోను. ఫ్రాన్స్‌లో పారిస్‌కి ఉత్తరాన వాజ్ అనే ప్రాంతం ఉంది, అక్కడ మేరు, సేంట్ జెనెవియేవ్ చుట్టుపక్కల పల్లెల్లో తరాల తరబడి ఊళ్ళకి ఊళ్ళు ఈ పుల్లలు చేసే బతికాయి. ముత్యపు చిప్ప, ఎముక, కొమ్ము, దంతం అన్నీ అక్కడే కోసేవాళ్ళు. ఒకాయన రంపంతో పలకలు కోస్తే ఇంకొకాయన అరగదీసి ఆకారం తెస్తాడు, ఇంకొకరు సన్నటి డ్రిల్‌తో చిల్లు పెట్టి ఆ చిల్లులోంచి వెంట్రుకలాంటి రంపపు బ్లేడు దూర్చి ఆ జల్లెడ పని కోస్తారు, తర్వాత చెక్కడం ఒకరు, బంగారు రేకు అద్దడం ఒకరు. అవన్నీ అయ్యాకే పుల్లలు పారిస్ వెళ్ళేవి, అక్కడ పైన కాగితమో సిల్కో ఎక్కించి అమ్మేవాళ్ళు. అంటే పెయింటర్ బ్రష్ పట్టుకునేసరికే మీ చేతిలో ఉన్న వస్తువు ఎంతమంది చేతులు దాటి వచ్చిందో చూడండి. మేరులో ఇప్పటికీ ఈ పనికి ఒక మ్యూజియం ఉంది.

మ్యూజియంలో_పని
ఫ్రేమ్ వద్దండీ, దయచేసి వద్దు. నేను వస్త్రాల కన్జర్వేషన్‌లో పని చేస్తాను, ఫ్రేముల వల్ల పాడైన విసనకర్రలు చాలా చూశాను. ఒకావిడ తెచ్చిన దాన్ని ఫ్రేమ్ షాపు వాళ్ళు పూర్తిగా చదునుగా విప్పేసి వెనక అట్టకి జిగురుతో అతికించేశారు, పైన అద్దం బిగించారు. పదేళ్ళకి ప్రతి మడతా శిఖరం దగ్గర తెగిపోయింది. విసనకర్ర ఎప్పుడూ చదునుగా ఉండదండీ, విప్పినా కూడా మడతలు కొండలు లోయల్లాగా నిలబడే ఉంటాయి, ఒక పక్క పుల్ల ఇంకో పుల్ల మీద ఎక్కుతుంది కాబట్టి ఎడమ వైపుకీ కుడి వైపుకీ ఎత్తులో తేడా కూడా ఉంటుంది. మ్యూజియంలో పెట్టినప్పుడు ఆ తేడాకి తగ్గట్టు వాలుగా మెట్లున్న ఆధారం ఒకటి విడిగా చేయిస్తాం, లైటు కూడా 50 లక్స్ దాటనివ్వం.

సిల్కు చీలడం గురించి. 19వ శతాబ్దం రెండో సగంలో సిల్కు బరువుగా, ఖరీదుగా అనిపించాలని తగరం లాంటి లోహాల లవణాల్లో నానబెట్టేవాళ్ళు. కొత్తలో గరగరలాడుతూ బాగుంటుంది కానీ ఆ లవణాలు దారాన్ని లోపలి నుంచి తినేస్తాయి, చివరికి ముట్టుకుంటే పొడి అయిపోతుంది. మీ పెద్దత్త గారు సరిగా చూసుకోలేదని అనుకోకండి, అది నేసినప్పటి నుంచే దాని లోపల ఉన్న జబ్బు. ఇంకా మాటిమాటికీ విప్పకండి. మూసి, యాసిడ్ లేని టిష్యూ కాగితంలో వదులుగా చుట్టి డబ్బాలో పెట్టండి. రబ్బరు బ్యాండు అసలు వేయొద్దు. చమ్కీలు తడి గుడ్డతో తుడవొద్దు, ఆ రోజుల్లో కొన్ని చమ్కీలు జెలటిన్‌తో చేసేవాళ్ళు, నీళ్ళు తగిలితే కరిగిపోతాయి.

కాగితం_మడత
నేను ఆరేళ్ళుగా విసనకర్రలు చేయడం నేర్చుకుంటున్నాను కాబట్టి చేసేవాళ్ళ వైపు నుంచి చెప్తాను.

అందరూ పెయింటింగ్ కష్టం అనుకుంటారు. నా లెక్కలో అసలు కష్టం మడతలో ఉంది. యూరప్ పద్ధతిలో గట్టి అట్టతో రెండు అచ్చులుంటాయి, రెండూ ముందే ఎండ కిరణాల్లాగా మడతలు పెట్టినవి, ఒకదాంట్లో ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. బొమ్మ వేసిన కాగితాన్ని ఆ రెండింటి మధ్య పెట్టి మొత్తం మూటలాగా కలిపి ఒక చివర నుంచి నొక్కుతూ మూసేయాలి. ఒక్కసారే అవకాశం. కాగితం అర మిల్లీమీటరు పక్కకి జారిందంటే ఆ తప్పు మొదటి మడతలో అర మిల్లీమీటరే కానీ చివరి మడతకి వచ్చేసరికి పట్టీ దగ్గర వేలెడు వంకర కనిపిస్తుంది, అప్పటికి వేరేవాళ్ళు నెల రోజులు కూర్చుని వేసిన బొమ్మ దాని మీద ఉంటుంది. నేను మొదటిసారి నిజమైన పెయింటింగ్ మడతపెట్టినప్పుడు ఊపిరి బిగబట్టాను, అంతా అయ్యాక కాళ్ళు వణికాయి.

తర్వాత పుల్లలు దూర్చడం. జపాన్ పద్ధతి నాకు ఇంకా అద్భుతంగా అనిపిస్తుంది, అక్కడ ఆకు, అంటే పుల్లల పైన మడతలు పడే భాగం, ఒక కాగితం కాదు, పల్చటి వాషి కాగితం పొరలు కలిపి అతికించినది. మడతలయ్యాక ఆ పొరల మధ్య సన్నటి కడ్డీతో దారి చేసి, నోటితో ఊదుతారు. నిజంగానే ఊదుతారు, అప్పుడు ఆ జేబులు తెరుచుకుంటాయి, వెదురు పుల్లలకి జిగురు రాసి ఒక్కో జేబులోకి ఒక్కోటి చకచకా దింపేస్తారు. కియోటోలో ఒక విసనకర్ర 87 సార్లు చేతులు మారుతుందని వాళ్ళు చెప్పుకుంటారు. చివరి పని నాకు చాలా ఇష్టం, అటూ ఇటూ ఉన్న పట్టీలని వేడి చేసి లోపలికి కొద్దిగా వంచుతారు. అందుకే మంచి జపాన్ విసనకర్ర మూసేటప్పుడు చివర్లో టప్ మని శబ్దం వస్తుంది, తనంతట తను మూసుకుని బిగుసుకుంటుంది. ఆ శబ్దం రాకపోతే పని పూర్తి కానట్టే.

శ్రీకర్77
అందరూ పుల్లలు పుల్లలు అంటున్నారు, నేను ఒప్పుకోను. గొప్ప కళాకారులు పని చేసింది ఆకు మీదే కదా. చైనాలో మింగ్ కాలంలో షెన్ జౌ, తాంగ్ యిన్, వెన్ జెంగ్‌మింగ్ లాంటివాళ్ళు విసనకర్రల మీద బొమ్మలు వేశారు, కవితలు రాశారు. కియోటోలో సోతాత్సు 17వ శతాబ్దం మొదట్లో తవరాయ అనే విసనకర్రల దుకాణం నడిపినవాడే, ఇవ్వాళ జపాన్ పెయింటింగ్ చరిత్రలో ఆయన్ని దాటి వెళ్ళలేం. పారిస్‌లో 1879 ఇంప్రెషనిస్టుల ప్రదర్శనలో దెగా విసనకర్రలు పెట్టాడు, పిసారో అయితే 12 పెట్టాడు. ఇంకో మాట, చైనాలో మంచి బొమ్మ ఉన్న ఆకుని పుల్లల నుంచి జాగ్రత్తగా ఊడదీసి చదును చేసి ఆల్బమ్‌లో అతికించి దాచుకునేవాళ్ళు. అంటే దాచుకోవాల్సింది ఏదో వాళ్ళే తేల్చేశారు, పుల్లలు పక్కన పెట్టేశారు. అలాంటప్పుడు నిహారిక గారి అన్నయ్య అన్నదాంట్లో తప్పేముంది?

పాతసామాను_ప్రియుడు
శ్రీకర్ గారూ మంచి పాయింటే, కానీ రెండు మాటలు. దెగా, పిసారో వేసినవాటిలో ఎక్కువ భాగం అసలు పుల్లలకి ఎక్కనే లేదు, విసనకర్ర ఆకారంలో వేసిన బొమ్మలుగానే ఉండిపోయాయి. ఎవరూ వాటితో గాలి విసురుకోలేదు, మూయలేదు. అవి గొప్ప బొమ్మలే, కానీ నా దృష్టిలో విసనకర్రలు కావు. రెండోది, అదే చైనాలో పుల్లల్ని విడిగా సేకరించేవాళ్ళు కూడా ఉన్నారు. సుజౌలో వెదురు పుల్లని గరుకు గడ్డితో, ఆకులతో తడిపి తడిపి రుద్ది నునుపు చేస్తారు, ఏళ్ళ తరబడి చేతిలో ఆడేకొద్దీ అది ఎర్రబడుతూ జేడ్ రాయిలాగా తేలుతుంది. మచ్చలున్న వెదురు దొరికితే దాని మీద ఏ చెక్కడమూ లేకుండా మచ్చల అందం కోసమే వదిలేస్తారు. హాంగ్‌జౌలో 1875 నుంచి ఉన్న వాంగ్ షింగ్ జీ వాళ్ళ నల్ల కాగితం విసనకర్ర పేరు పడింది బొమ్మ వల్ల కాదు, మల్బరీ కాగితానికి పెర్సిమన్ కాయల రసం పూస్తారు, ఎండకి వానకి తట్టుకుంటుంది, ఆ గట్టితనం వల్ల.

ఫ్లామెంకో_లక్ష్మి
నేను మూడేళ్ళుగా ఫ్లామెంకో అనే స్పెయిన్ నాట్యం నేర్చుకుంటున్నా, మా దగ్గర వాడేది పెరికోన్ అని పెద్ద సైజు విసనకర్ర. బొమ్మా పుల్లలా అని మీరు మాట్లాడుకుంటుంటే నాకు ఒకటి చెప్పాలనిపించింది, వాడేవాళ్ళకి రెండూ కాదు, రివెట్! పుల్లలన్నీ కలిసే ఆ ఒక్క మేకు. అది బిగుతుగా ఉంటే మణికట్టు తిప్పినా తెరుచుకోదు, వదులైతే తెరుచుకున్నాక తల వాల్చేస్తుంది. సరిగ్గా ఉంటే మణికట్టు ఒక్క విదిలింపుకి పుల్లలన్నీ ఒకదాని వెనక ఒకటి పరిగెత్తి ఆఖరి పట్టీ ఫట్ మని ఆగుతుంది, ఆ శబ్దమే తాళంలో పడాలి. మొదటి ఏడాది నేను చవక రకం నాలుగు విరగ్గొట్టాను. మంచిది చేతిలోకి వచ్చాక తెలిసింది తప్పు నా మణికట్టుది మాత్రమే కాదని. స్పెయిన్‌లో వలెన్సియా పక్కన అల్దాయా అనే ఊరు ఈ పనికి పేరు, అక్కడ విసనకర్రల మ్యూజియం కూడా ఉంది, ఎప్పటికైనా వెళ్ళాలి.

నిహారికా మీది పాతది కాబట్టి అలా విదిలించి తెరవకు, రెండు చేతులతో ఒక్కో పుల్లా జరుపుతూ తెరువు.

నిహారిక_పి
అందరికీ చాలా థాంక్స్, ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. చెంపకి ఆనించాను, నిజంగానే చల్లగా ఉంది. ఫ్రేమ్ ఆలోచన మానేశాను. లక్ష్మీ, అడగాలనుకున్నా, విసనకర్రతో రహస్యంగా సైగలు చేసుకునేవాళ్ళట కదా, కుడి చెంపకి ఆనిస్తే అవును, ఎడమ చెంపకి ఆనిస్తే కాదు అని? అలాంటప్పుడు నేను ఏ చెంపకి ఆనించానో గుర్తులేదు :)

పాతసామాను_ప్రియుడు
ఆ సైగల భాష గురించి చాలామంది రాజదర్బారుల కాలం నాటిది అనుకుంటారు. మనకి తెలిసిన ఆ పట్టిక 19వ శతాబ్దంలో అచ్చై తిరిగిన కాగితం. దాన్ని బాగా జనంలోకి తీసుకెళ్ళింది పారిస్ విసనకర్రల సంస్థ ద్యువెల్‌రువా, వాళ్ళు తమ సరుకుతో పాటు ఆ పట్టిక ఉన్న చిన్న కాగితం పంచేవాళ్ళు. అంటే వ్యాపార ప్రకటన. దర్బారులో అందరికీ తెలిసిన సైగతో రహస్యం ఎవరు చెప్పుకుంటారు చెప్పండి. విసనకర్ర వెనక మొహం దాచుకోవడం, ఓరగా చూడడం, విసుగొచ్చి ఠపీమని మూసేయడం, అవన్నీ నిజమే, అవి భాష కాదు, మనిషి ఒంట్లో ఉన్న మాటలు.

ఆ సంస్థ కథ మాత్రం మంచి కథ. 1827లో మొదలైంది, 20వ శతాబ్దంలో ఫ్యాషన్ మారి విసనకర్ర చేతుల్లోంచి పోయాక చతికిలబడింది, 2010లో ఇద్దరు ఆడవాళ్ళు మళ్ళీ నిలబెట్టారు, ఇప్పుడు ఈకలతో, చెక్కతో కొత్తవి చేస్తున్నారు.

రమణ_చరిత్ర
ఆలస్యంగా వచ్చాను. చరిత్ర కాస్త కలుపుతాను, ఎందుకంటే ఈ పని ఎలా ఊళ్ళు దాటిందో తెలిస్తే ఆ పుల్లలు ఇంకోలా కనిపిస్తాయి. మడత విసనకర్ర పుట్టింది జపాన్‌లో, హెయాన్ కాలంలో, అంటే సుమారు వెయ్యేళ్ళ కిందట. మొదట హినోకి చెక్క పల్చటి పలకలని దారంతో కట్టేవాళ్ళు, ఆ తర్వాత కాగితం వచ్చింది. చైనాకి సాంగ్ కాలానికి చేరింది, 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలతో యూరప్‌కి. 1678లో 14వ లూయీ హయాంలో పారిస్ విసనకర్రల పనివాళ్ళకి సొంత సంఘం ఏర్పడింది. ఏడేళ్ళు తిరక్కుండానే, 1685లో అదే రాజు ప్రొటెస్టెంట్లకి ఉన్న మత స్వేచ్ఛ రద్దు చేశాడు, వాళ్ళలో ఎంతోమంది చేతిపనివాళ్ళు, చాలామంది చేతిలో విద్య పట్టుకుని దేశం దాటారు. లండన్‌లో విసనకర్రల పనివాళ్ళ కంపెనీకి 1709లో రాణి ఆన్ చార్టర్ ఇచ్చింది. ఒక రాజు తరిమేస్తే ఇంకో ఊరు బాగుపడింది.

బొమ్మా పుల్లలా అన్నదానికి నా జవాబు టుటన్‌ఖామెన్ సమాధి. 1922లో బయటపడింది కదా, అందులో బంగారు తాపడం చేసిన పొడుగు కాడ విసనకర్ర ఉంది, 30 నిప్పుకోడి ఈకలు, తెల్లవి గోధుమరంగువి ఒకటి విడిచి ఒకటి ఉండేవట. ఆ ఈకల్ని పురుగులు తినేశాయి. మిగిలింది బంగారు రేకు పలక, దాని మీద ఆ కుర్ర రాజు రథమెక్కి ఆ నిప్పుకోళ్ళనే వేటాడుతున్న బొమ్మ. గాలి ఇచ్చే భాగమే ముందు పోతుంది, పట్టుకునే భాగం మిగులుతుంది.

శ్రీకర్77
రమణ గారూ ఈ ఉదాహరణకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. అయినా ఆ పలక మీద మిగిలింది కూడా బొమ్మే కదా అని నా మనసు అంటోంది, సరే వదిలేద్దాం. ఇంకో డౌట్. దంతం విసనకర్రల సంగతేంటి? చాలా చోట్ల పాతవి అమ్మకానికి కనిపిస్తాయి. కొనొచ్చా?

మ్యూజియంలో_పని
ఇది సీరియస్‌గా తీసుకోండి. ఏనుగు దంతం అంతర్జాతీయ వ్యాపారం 1989లో సైటిస్ (అడవి జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) నిర్ణయంతో ఆగింది, హాక్స్‌బిల్ తాబేలు చిప్ప అంతకు ముందే. ఒక్కో దేశానిది ఒక్కో చట్టం. బ్రిటన్‌లో 2018 నాటి దంతం చట్టం 2022 జూన్ నుంచి అమల్లో ఉంది, 1947 కంటే పాతదై దంతం పది శాతం లోపు ఉన్న వస్తువుకి రిజిస్ట్రేషన్‌తో మినహాయింపు ఉంది కానీ పుల్లలన్నీ దంతమైన విసనకర్ర పది శాతంలో ఎలా ఇముడుతుంది? అలాంటిది 1918 కంటే పాతదీ, అసాధారణమైన కళా విలువ ఉన్నదీ అని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. దంతం చెక్కడం చూస్తే నాకూ మతిపోతుంది, చైనాలోని కాంటన్‌లో ఎగుమతికి చేసిన కొన్నిటిలో వందల మనుషుల బొమ్మలు, ఒక్కో మొహం పల్చటి దంతపు ముక్క, బట్టలు సిల్కు ముక్కలు. మెచ్చుకుంటాను, కానీ కొత్తగా ఒక్క ఏనుగు కూడా దీనికోసం చావకూడదు, అందుకని ఆ చట్టాలు ఎంత కష్టంగా ఉన్నా నాకు నచ్చుతాయి.

గుర్తుపట్టడం ఎలా అంటే, లెన్స్‌తో చూడండి. దంతం అడ్డకోతలో ఒకదాన్నొకటి కోసే సన్నటి వంపు గీతలుంటాయి. ఎముకలో చిన్న చిన్న నల్ల చుక్కలు, గీతలు, అవి రక్తనాళాల దారులు. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌లో గీతలు మరీ పద్ధతిగా, పాఠశాల నోటుపుస్తకంలా సమాంతరంగా ఉంటాయి, కాస్త రుద్దితే కర్పూరం వాసన రావచ్చు. కాల్చిన సూది గుచ్చి చూడమని చెప్పేవాళ్ళ మాట వినకండి, సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది. అది పాతబడితే యాసిడ్ ఆవిరి కూడా వదులుతుంది, పక్కనున్న వస్తువుల్ని తినేస్తుంది, కాబట్టి విడిగా గాలాడే చోట పెట్టాలి.

కాగితం_మడత
నిహారిక గారూ ఒక పని చేస్తారా. వెలుతురు వెనక నుంచి పడేలా పట్టుకుని పుల్లల మీద సిల్కు మొదలయ్యే చోట చూడండి. ముత్యపు చిప్ప ఎంత పెద్దదైనా అంత పొడుగు పుల్ల ఒకే ముక్కలో రావడం కష్టం, అందుకని కింద కనిపించే భాగం చిప్పతో చేసి పైన సిల్కు కింద దాక్కునే భాగం వేరే ముక్కతో అతుకుతారు. ఆ అతుకు ఎక్కడుందో, ఎంత శుభ్రంగా ఉందో చూస్తే చేసినవాడి చెయ్యి తెలుస్తుంది.

నిహారిక_పి
చూశాను! కిటికీ దగ్గర కూర్చుని, మీరు చెప్పినట్టు రెండు చేతులతో ఒక్కో పుల్లా జరుపుతూ గంటసేపు చూశాను. సిల్కు చీలిన చోట్ల నుంచి అతుకులు కనిపించాయి, గోరు పెట్టి రాసినా గీత తగల్లేదు. పుల్లల వెనక పైభాగంలో పెన్సిల్‌తో అంకెలున్నాయి, 1 నుంచి వరసగా. 9వ పుల్ల దగ్గర మాత్రం ఆగిపోయాను. మిగతా వాటిలో చిల్లుల పని ఒక తీగలాగా ఒక పుల్ల నుంచి పక్క పుల్లలోకి సాగుతుంది, 9లో ఆ తీగ ఉంది కానీ ఆకులు కొంచెం లావుగా, చిల్లు అంచులు ఇంకొంచెం గుండ్రంగా ఉన్నాయి. చిప్ప రంగు కూడా ఒక పిసరు పసుపు. దాని వెనక అంకె లేదు, ఆవగింజంత రెండు లోహపు చుక్కలు ఉన్నాయి.

పాతసామాను_ప్రియుడు
అది తర్వాత మార్చిన పుల్ల అయ్యుంటుందండీ! ఎప్పుడో విరిగితే ఎవరో పాత తీగని చూసి కొత్త చిప్ప కోసి పెట్టారు. పారేయకుండా బాగు చేయించుకున్నారంటే అప్పటికే అది ఎవరికో ప్రాణం అన్నమాట. ఆ 8, 9, 10 కలిసి కనిపించేలా దగ్గర నుంచి ఒక ఫోటో పెట్టండి, చూడాలనుంది.

కాగితం_మడత
వెనక వైపు ఆ రెండు చుక్కలు కూడా కనిపించేలా ఇంకోటి. ఫ్లాష్ వద్దు.

నిహారిక_పి
రేపు పొద్దున్న వెలుతురులో తీసి పెడతాను. ఇప్పుడే మూసి టిష్యూలో చుట్టాను. మా అన్నయ్య కూడా పక్కన కూర్చుని 9వ పుల్ల చూపించమన్నాడు.